పసిపిల్లల మూర్ఛరోగము – మెదడు శస్త్రచికిత్స – మన బాధ్యత

(శతవార్షికోత్సవ సభలలో కుటుంబ కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో గడచిన దినములను జ్ఞాపకము చేసికొనుట న్యాయమే. ఆ పని చేయగల పెద్దలు ఈ వేదిక మీద చాలమంది ఉన్నారు. నాకిచ్చిన ఈ అరగంటను మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో ఈనాడు పెరుగుతున్న కొందరు పిల్లల కొరకు వాడుకొనదలచినాను.

ఎవరీ పిల్లలు? తల్లి కడుపులోనో, కాన్పు సమయములోనో, పుట్టిన మొదటి రెండు మూడేండ్లలోనో మెదడుకు దెబ్బ తగిలినవారు. ఒక చేయి పిడికిలి విప్పదు. అదే వైపు కాలు ఈడుస్తూ నడుస్తారు. కొన్ని నెలలకో, కొన్ని ఏండ్లకో ఫిట్స్ మొదలవుతాయి. మందులు మార్చినా ఆగవు. కొందరికి దినమునకు పది, ఇరవై సార్లు వస్తాయి. బడిలో చేర్చుకొన్నా నాలుగు దినములకే ఇంటికి పంపుతారు. తల్లి కూలికి పోవలెనంటే ముసలమ్మనో, అక్కనో కాపలా పెట్టి పోవలెను. ఆ అక్క చదువు కూడా అంతటితో ఆగిపోతుంది.

ఇట్టి పిల్లలలో కొందరికి మెదడు శస్త్రచికిత్స వలన ఫిట్స్ ఆగిపోగలవు. ఇది క్రొత్త వింత కాదు, మన దేశములో డెబ్బది ఏండ్లకు పైగా చరిత్ర ఉన్నది. కాని ఆ సంగతి మన పల్లెలకు చేరలేదు. చేరినచోట ఆలస్యముగా చేరుతున్నది. ఆలస్యమైన కొలది ఆ బిడ్డ పొందగల మేలు తగ్గిపోతుంది. నేను చెప్పవచ్చిన మాట ఇదే. నేను వైద్యుడను కాను, వేదాంత కళాశాలలో చదివినవాడను. వైద్యులను అడిగి, చదివి తెలిసికొన్నదే మీ ముందు పెడుతున్నాను.

దయ్యమా, రోగమా?

మన ప్రాంతములో ఫిట్స్ వస్తే మొదట వినిపించే మాట "గాలి సోకింది" అని. చేతిలో తాళపుచెవులు పెడతారు. ముక్కు దగ్గర చెప్పు పెడతారు, ఉల్లిగడ్డ పెడతారు. కొన్నిచోట్ల ఒంటిమీద వాతలు కూడా పెట్టినారు. మనము క్రైస్తవులము గనుక ఇవి చేయము అని కొందరనవచ్చును. కాని మనలోనూ దయ్యము పట్టినదని చెప్పి, మాత్రలు మాన్పించి, ఉపవాస ప్రార్థనలకు త్రిప్పేవారున్నారు. వారు సాధారణముగా చూపించేది మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయములోని పిల్లవాని సంగతి.

ఆ అధ్యాయమును ఆధారము చేసికొని ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డకూ దయ్యము పట్టినదని బోధించుట సరికాదు. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయము ఇరువది నాలుగవ వచనములో దయ్యము పట్టినవారిని ఒక వర్గముగాను, చాంద్రరోగులను వేరొక వర్గముగాను లెక్కించినారు. చాంద్రరోగము అనునది మూర్ఛకు పాత పేరు. చంద్రుని వలన ఈ జబ్బు వస్తుందని ఆ కాలపువారు అనుకొన్నందున గ్రీకు భాషలో ఆ మాట పుట్టినది. చంద్రునికీ ఈ జబ్బుకూ సంబంధము లేదని ఈనాడు మనకు తెలియును. పేరు నిలిచినది, ఊహ పోయినది.

ఆ పిల్లవాని తండ్రితో ప్రభువు మాటలాడిన తీరును గమనించండి. ఎవరు చేసిన పాపమని అడుగలేదు. ఇది ఎంతకాలము నుండి ఉన్నదని అడిగినాడు. చిన్నతనము నుండియే అని తండ్రి చెప్పినాడు. నిప్పులోను నీళ్లలోను పడుచున్నాడనియు చెప్పినాడు. మన పల్లెలలోనూ అంతే. పొయ్యి దగ్గర పడి కాలినవారు, బావి గట్టున, చెరువు కట్టన పడి ప్రాణము పోగొట్టుకొన్నవారు ఉన్నారు. ఎంతకాలమైనది, ఎప్పుడు మొదలైనది, ఎట్లు పడుతున్నాడు అనునవే నేటికీ మంచి వైద్యుడు మొట్టమొదట అడిగే ప్రశ్నలు.

మెదడులో జరిగేదేమి?

మన తలలో మెదడు రెండు సగములుగా ఉన్నది. ఎడమ సగము కుడి చేతిని, కుడి కాలిని నడిపిస్తుంది. కుడి సగము ఎడమవైపును నడిపిస్తుంది. ఈ రెండింటినీ కలుపుతూ మధ్యలో నరముల కట్ట ఒకటి ఉన్నది. పనులన్నీ సన్నని విద్యుత్తు సంకేతములతో జరుగుతాయి.

బిడ్డ కడుపులో ఉండగానే మెదడుకు పోయే రక్తనాళము మూసికొనిపోవచ్చును. మెదడులో రక్తస్రావము కావచ్చును. పుట్టిన తరువాత మెదడువాపు, మెదడు పొరల జ్వరము రావచ్చును. జ్వరములో వచ్చిన ఫిట్స్ గంటలకొలది ఆగకపోతే దానివలన కూడా ఒక సగము పాడైపోవచ్చును. ఆ పాడైన భాగము చచ్చి ఊరకుండదు. అందులో మిగిలిన కణములు తప్పుడు సంకేతములను పుట్టిస్తాయి. అవి నరముల కట్ట ద్వారా మంచి సగములోనికి పాకుతాయి. అప్పుడు బిడ్డకు ఫిట్స్ వస్తాయి.

మోటార్లతో పొలము పారించే రైతులకు ఇది తేలికగా అర్థమవుతుంది. ఒక చోట తీగ తెగి షార్టయితే ఆ లైను మీద ఉన్న మంచి మోటార్లు కూడా ఆగిపోతాయి, కాలిపోతాయి. మంచి మోటారును ఎన్నిసార్లు బాగుచేసినా లాభము లేదు. చెడిపోయిన లైనును వేరు చేయవలెను. ఈ ఆపరేషన్ చేసేది కూడా ఇంచుమించు అదే.

పసితనములో ఒక సగము దెబ్బతింటే, దాని పనిలో కొంత భాగమును రెండవ సగము నేర్చుకొనగలదు. పెద్దవారిలో మాట సామాన్యముగా ఎడమ సగములో ఉంటుంది. పుట్టుకలోనే ఎడమ సగము దెబ్బతిన్న బిడ్డకు మాట చాలసార్లు కుడి సగమునకు మారుతుంది. వయస్సు పెరిగిన కొలది ఈ శక్తి తగ్గుతుంది. ఇంకొక సంగతి. దినదినమూ వచ్చే ఫిట్స్ మంచి సగమును కూడా నేర్చుకొననీయవు. అందుచేతనే ఆలస్యము తగదని చెప్పుచున్నాను.

మొదట మందులు

ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డకూ ఆపరేషన్ కావలెనని ఎవరూ అనుకొనవద్దు. మూర్ఛరోగులలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మందికి మాత్రలతోనే ఫిట్స్ అదుపులో ఉంటాయి. మాత్ర ప్రతిదినము వేళకు వేయవలెను. రెండు నెలలు ఫిట్స్ రాలేదని తల్లిదండ్రులే మానిపించరాదు. ఒక్కసారిగా మానితే ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును.

తగిన మందులు రెండు, తగిన మోతాదులో సరిగా వాడినా ఫిట్స్ ఆగకపోతే, దానిని మందులకు లొంగని మూర్ఛ అని ప్రపంచ వైద్యులు 2010లో నిర్వచించినారు. ఆ తరువాత మూడవ మందు, నాలుగవ మందు వలన పూర్తిగా ఆగేవారు కొద్దిమందే. కావున రెండు మందులు పనిచేయలేదంటే మూర్ఛకు ఆపరేషన్ చేసే పెద్ద ఆసుపత్రికి ఒకసారి చూపించవలెను. అది చూపించుటకే గాని ఆపరేషన్‌కు ఒప్పుకొనుటకు కాదు. ఈ తేడా తెలియకనే చాలమంది భయపడి ఆగిపోతున్నారు.

వెల్లూరులో మొదలు

ఈ వైద్య చరిత్రలో మిషను ఆసుపత్రికి ఒక స్థానమున్నది. మన ఇండ్లలో వెల్లూరు పేరు విననివారు లేరు. 1900లో ఐడా స్కడ్డరమ్మగారు ఒక్క మంచముతో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రిలో 1949లో డాక్టర్ జేకబ్ చాందీగారు దేశములోనే మొదటి న్యూరోసర్జరీ విభాగమును ప్రారంభించినారు. ఆయన 1910లో కొట్టాయములో పుట్టినారు. బహ్రెయిన్ మిషను ఆసుపత్రిలో పనిచేసి, అమెరికాలోనూ, కెనడాలోని మాంట్రియల్‌లో ప్రఖ్యాత వైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ గారి దగ్గరనూ శిక్షణ పొంది తిరిగి వచ్చినారు. 1964లో ఆయనకు పద్మభూషణ్ బిరుదు లభించినది. 2007లో నిద్రించినారు.

1952 ఆగస్టు 25న చాందీగారు వెల్లూరులో మూర్ఛరోగమునకు శస్త్రచికిత్స చేసినారు. మన దేశములో ఇదే మొదటిదని వైద్య చరిత్రకారులు వ్రాసినారు. ఆ రోగి పందొమ్మిదేండ్ల యువకుడు. పసితనము నుండి కుడివైపు పక్షవాతము, మందులకు లొంగని ఫిట్స్. నేను మొదట వర్ణించిన పిల్లల స్థితియే అతనిది. అతడు పందొమ్మిదేండ్లు ఎదురుచూచినాడు. అప్పటివరకు దేశములో ఈ వైద్యము లేదు. ఈనాటి మన బిడ్డ ఎదురుచూడవలసిన పని లేదు.

దానికి రెండేండ్ల ముందు, 1950లో, దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో డాక్టర్ క్రైనో అను శస్త్రవైద్యుడు, పసితనములో ఒకవైపు చచ్చుబడిన పన్నెండుమందికి పాడైన సగము మెదడును తీసివేసిన సంగతిని ప్రచురించినాడు. ఎక్కువమందికి ఫిట్స్ ఆగినవి. ఆ వార్త ప్రపంచమంతా వ్యాపించినది. కాని సగము తీసివేసినచోట ఏర్పడిన ఖాళీలో ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా రక్తము ఊరి, కొందరికి ప్రాణాపాయము కలిగినదని 1960ల నాటికి తేలినది. అప్పుడు ఈ ఆపరేషన్ చాలచోట్ల ఆగిపోయినది. తరువాత మాంట్రియల్‌లో డాక్టర్ రాస్‌ముసెన్ గారు మెదడునంతా తీయక, కొంత భాగము మాత్రము తీసి, మిగిలినదానిని రక్తనాళములతో సహా లోపలనే ఉంచి సంబంధము మాత్రము తెంపే పద్ధతిని కనిపెట్టినారు. 1990ల నుండి తీసే భాగము ఇంకా తగ్గినది. ఇప్పుడు చేసేది ముఖ్యముగా వేరుచేయుటయే. దీనిని హెమిస్ఫెరాటమీ అంటారు.

ఈనాడు ఎట్లు చేస్తారు?

ముందు పరీక్షలు. బిడ్డను కొన్ని దినములు ఆసుపత్రిలో ఉంచి, తలకు తీగలు అంటించి, కెమెరా పెట్టి ఫిట్స్ ఎక్కడ పుడుతున్నవో చూస్తారు. ఇది వీడియో ఇ.ఇ.జి. తరువాత ఎమ్.ఆర్.ఐ. తీస్తారు. చూపు, మాట, తెలివి పరీక్షిస్తారు. మంచి సగము నిజముగా మంచిదేనా అని తేల్చుకొంటారు. రెండు సగములూ దెబ్బతిన్న పిల్లలకు ఈ ఆపరేషన్ సామాన్యముగా చేయరు. ఉదాహరణకు, పుట్టిన మొదటి దినములలో పాలు చాలక రక్తములో చక్కెర పడిపోయిన పిల్లలకు తరచుగా రెండువైపులా వెనుకభాగము దెబ్బతింటుంది. వారికి వేరే మార్గములు చూస్తారు. కొందరికి ఒక చిన్న మచ్చ మాత్రమే ఉంటే అంతవరకే తీస్తారు.

లాభమెంత? ఈ ఆపరేషన్ అయిన పిల్లలలో పదిమందికి సుమారు ఏడుగురికి ఫిట్స్ ఆగినట్లు వివిధ దేశముల ఆసుపత్రులు తెలిపినవి. మన దేశములో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2017లో ఒక పరిశోధన ప్రకటించినారు. అందులో మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలు 116 మంది. కొందరికి ఈ ఆపరేషన్, కొందరికి వేరే మూర్ఛ ఆపరేషన్లు చేసినారు. మిగిలినవారికి మందులే ఇచ్చినారు. ఒక సంవత్సరము తరువాత చూస్తే ఆపరేషన్ అయినవారిలో నూటికి 77 మందికి ఫిట్స్ లేవు. మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 7 మందికి మాత్రమే ఆగినవి.

నష్టమును దాచరాదు. చచ్చుబడిన చేయి దీనివలన బాగుపడదు. ఆ చేతి వ్రేళ్లతో ఏ కొంచెము పనియైనా చేస్తున్న బిడ్డకు అది కూడా పోవచ్చును. రెండు కండ్లలోనూ ఒకవైపు చూపు తగ్గుతుంది, గనుక రోడ్డు దాటునప్పుడు తల త్రిప్పి చూచుట నేర్పవలెను. నడిచే బిడ్డ కొన్ని వారములు అభ్యాసము చేసిన తరువాత చాలమట్టుకు మరల నడుస్తాడు. రక్తస్రావము, చీము, తలలో నీరు చేరుట వంటి ప్రమాదములున్నవి. నీరు చేరితే గొట్టము వేయవలసి రావచ్చును. మరణము అరుదు, కాని లేకపోలేదు. ఇవన్నీ వైద్యులు ముందుగానే కూర్చుండబెట్టి చెప్పవలెను. చెప్పకపోతే మనము అడుగవలెను.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

నా పరిచర్యలో ఒక తల్లి నన్నడిగినది: "సగం మెదడు తెంపినంక నా బిడ్డ నన్ను గుర్తు పడ్తదా అయ్యగారూ?" ఆ ప్రశ్నకు బోధ చెప్పి తప్పించుకొనుట నాకు ఇష్టము లేకపోయినది. ఆమెను, ఆమె భర్తను వెంటబెట్టుకొని వైద్యుని దగ్గరకే పోయి ఆ ప్రశ్ననే అడిగించినాను. ఆయన ఓపికగా చెప్పినాడు: "అమ్మా, నీ బిడ్డ ఇప్పుడు నిన్ను గుర్తుపడుతున్నది మంచి సగముతోనే. నవ్వుతున్నదీ, పాట నేర్చుకొంటున్నదీ దానితోనే. పాడైన సగము ఎప్పుడో పని మానివేసినది, గొడవ మాత్రమే చేస్తున్నది."

ఆ తల్లిదండ్రులు వెంటనే ఒప్పుకొనలేదు. రెండు నెలలు ఆలోచించుకొన్నారు. బంధువులు తలకొక మాట అన్నారు. "ఏమన్నా అయితే నీదే పాపం" అన్నవారూ ఉన్నారు. చివరకు వారే తీర్మానము చేసికొని పోయినారు. బిడ్డ ఇప్పుడు బడికి పోతున్నది. ఆ చేయి నేటికీ పనిచేయదు. చదువులో తోటి పిల్లల కంటె వెనుకబడియే ఉన్నది. ఫిట్స్ మాత్రము లేవు. తల్లి కూలికి పోగలుగుతున్నది, పెద్దకూతురు మరల బడిలో చేరినది. ఒకవేళ వారు వద్దని తీర్మానించుకొన్నా నేను వారిని తప్పుపట్టేవాడను కాను. తెలిసి తీర్మానించుకొనుట వారి హక్కు. తెలియక ఏండ్లు పోగొట్టుకొనుట మాత్రము మనము చూస్తూ ఊరకుండదగినది కాదు.

ఎక్కడ, ఎంత ఖర్చు?

నల్లగొండకైనా, మహబూబ్‌నగరుకైనా హైదరాబాదు ఇంచుమించు వంద కిలోమీటర్లే. అక్కడ నిమ్స్‌లోనూ, సికింద్రాబాదు కిమ్స్‌లోనూ మూర్ఛ శస్త్రచికిత్సలో అనుభవమున్న వైద్య బృందములు పనిచేసినవి. కేరళలో తిరువనంతపురము శ్రీ చిత్ర సంస్థ 1995 నుండి దీనికొరకు ప్రత్యేక కార్యక్రమము నడుపుతున్నది. వెల్లూరు ఉండనే ఉన్నది. మొదటి సలహా కొరకు అంత దూరము కూడా పోనక్కరలేదు. మహబూబ్‌నగరులో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగరులో ఎయిమ్స్ వచ్చినది. అక్కడ పిల్లల వైద్యునికి చూపించి, పై ఆసుపత్రికి చీటీ వ్రాయమని అడుగవచ్చును.

ఖర్చు మాట. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి, తక్కినవి అనంతపురము, శ్రీకాకుళము. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచినారు. ఏ ఆసుపత్రిలో, ఏ ఆపరేషన్‌కు ఎంత వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందుగా అడిగి తెలిసికొనవలెను. అప్పు చేసి, ఉన్న ఎకరము అమ్మిన తరువాత అడుగుట వ్యర్థము.

సంఘము చేయవలసినది

మొదటిది, ఫిట్స్ వచ్చినప్పుడు చేయవలసినది అందరూ నేర్చుకొనవలెను. బిడ్డను ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల క్రింద గుడ్డ పెట్టండి. నోటిలో చెంచా గాని, నీళ్లు గాని, మరేమియు పెట్టవద్దు. గట్టిగా పట్టుకొనవద్దు. గడియారము చూడండి. అయిదు నిమిషములు దాటితే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. గుడిలో ఆరాధన మధ్యలో వచ్చినా ఇదే చేయవలెను. కేకలు వేయవలసిన పని లేదు.

రెండవది, ప్రార్థన పేరిట మాత్రలు మాన్పించవద్దు. సాక్ష్యము చెప్పుటకని మందు సీసా పారవేయించినవాడు ఆ బిడ్డకు మేలు చేసినవాడు కాడు. ప్రార్థించండి, మాత్ర కూడా వేయండి.

మూడవది, తోడు పొండి. చదువు రాని తల్లిదండ్రులు పెద్ద ఆసుపత్రిలో ఏ కిటికీ దగ్గర నిలువవలెనో తెలియక తిరిగి వచ్చినవారున్నారు. యౌవనస్థుల సమాజములో ఒక్కడు వెంట పోయి, చీట్లు చదివి పెడితే అది గొప్ప పరిచర్య. ఇంటివద్ద మిగిలిన పిల్లలకు అన్నము పెట్టుట స్త్రీల మైత్రి చేయగలదు. ఫిట్స్ వచ్చినప్పుడు సెల్‌ఫోనులో తీసిన వీడియో వైద్యునికి ఎంతో పనికివస్తుంది.

నాలుగవది, ఆ కుటుంబమును వేరుగా చూడవద్దు. ఆ బిడ్డను ఆదివారపు బడిలో కూర్చుండబెట్టండి. "ఆ ఇంట్లో మూర్ఛ ఉంది" అని అక్కచెల్లెండ్ర సంబంధములు చెడగొట్టవద్దు. పసితనములో మెదడుకు తగిలిన దెబ్బ వలన వచ్చిన మూర్ఛ అంటువ్యాధి కాదు, వంశమునకు శాపమూ కాదు.

అయిదవది, దెబ్బ తగులకుండ చూచుట. పాలమూరు నుండి వలస పోయిన గర్భిణీ స్త్రీలు పని స్థలములలోనే కనుట మనకు తెలియనిది కాదు. నెలలు నిండకముందే ఇంటికి రప్పించి, ఆసుపత్రిలో కాన్పు చేయించండి. పుట్టగానే ఏడ్వని బిడ్డ, పాలు త్రాగని బిడ్డ, జ్వరముతో సోలిపోయిన బిడ్డ ఉంటే తెల్లవారనీ అని ఆగవద్దు. ఏడాది లోపలనే ఒక చేయి పిడికిలి విప్పకుండ రెండవ చేతితోనే అన్నీ అందుకొంటుంటే, "ఎడమచేతివాటం" అని మురిసిపోక చూపించండి.

మీమీ సంఘములకు తిరిగి పోయిన తరువాత ఇట్టి బిడ్డ మీ వాడలో గాని, ప్రక్క తండాలో గాని ఉన్నదేమో విచారించండి. క్రైస్తవులా కాదా అని చూడవద్దు. ఆ ఇంటికి పోయి, ఎంతకాలమైనది, ఏ మందులు వాడినారు అని అడగండి. రెండు మందులు పనిచేయలేదంటే ఈ వారములోనే బయలుదేరదీయండి.

 ఆ పసిపిల్లలను, వారిని మోసి తిరుగుతున్న తల్లులను దేవుడు ఆదరించును గాక.